కర్ర గుర్రం మెడ వాలిపోతుంటే ముందు లోపలి అస్థిపంజరం చూడండి

కొమ్మలు, పాత ఇనుముతో ఆరడుగుల గుర్రం చేశాక రెండు నెలలకే మెడ వాలి, తీగ కట్లు వదులయ్యాయని రాశారు కదా. మీ పనితనంలో లోపం లేదండి. పచ్చి కర్ర ఆరేకొద్దీ అడ్డంగా సన్నబడుతుంది, పొడవులో మాత్రం దాదాపు తగ్గదు, అందుకే ఎంత బిగించి కట్టినా తీగ కింద సందు వస్తుంది. ఒక కట్టు మీద వేలు పెట్టి నెట్టండి, కదులుతుంది. పైగా బరువంతా కొమ్మలే మోస్తున్నాయి.

తల కింద గట్టి ఊత పెట్టి, ముందు మెడ దించండి, తర్వాత మిగతా కర్రలు విప్పండి. పాత ఇనుప పైపుతో వెన్నెముక, మెడ, నాలుగు కాళ్లు ఒకే చట్రంగా వెల్డింగ్ చేయించి, కాళ్ల మధ్య ఏటవాలుగా రాడ్లు వేయించండి, ఎందుకంటే నలుచదరం పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. పైపుకు జింకు పూత ఉంటే అతికే చోట గీకేయాలి, లేకపోతే వెల్డింగ్ వేడికి జింకు నుంచి వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి.

తర్వాత చట్రానికి చిన్న ఇనుప పట్టీలు అతికించి, బాగా ఆరిన కర్రలను ముందే రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్క్రూలతో వాటికి బిగించండి. బెరడు తీసేయండి, పురుగు చేరేది దాని కిందే. కాలి కర్రలు మట్టికి తగలకూడదు, నేలలోకి దిగేది ఇనుమే కావాలి.

గుర్రాల శిల్పాలకు పేరుపడ్డ అమెరికా శిల్పి డెబోరా బటర్‌ఫీల్డ్ గుర్రాలతో పోల్చుకుని బాధపడకండి, ఎండుకొమ్మల్లా కనిపించే వాటిలో చాలావరకు కాంస్యపు పోతలే. చట్రం నిలబెట్టాక, కర్రలు ఎక్కించకముందే ఫొటో పెట్టండి, కాళ్ల ఎడం చూసి చెబుతాను.