ఎయిర్‌బ్యాగులు ఉన్న కారులో సీటు బెల్టు ఎందుకు?

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలో, బెల్టు పెట్టుకోలేదని కారు చేసే బీప్ మోగకుండా, బెల్టు బకిల్‌లో ఉత్త క్లిప్పు గుచ్చి, బెల్టు లేకుండానే నడిపేవాళ్లు ఉంటారు. అడిగితే "ఎయిర్‌బ్యాగులున్నాయి కదా" అంటారు. కానీ అసలు పని బెల్టుదే.

65వ నంబర్ జాతీయ రహదారి మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్దితే కారు ఆగుతుంది, మనిషి ఆగడు. సెకనుకు 22 మీటర్ల చొప్పున ముందుకే పోతాడు. బెల్టు అతన్ని సీటుకు పట్టి ఉంచి, ఆ దెబ్బను తుంటి, ఛాతీ, భుజం ఎముకల మీదికి పంచుతుంది. అందుకే కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి మీద ఉండాలి. చాలా కార్లలో గుద్దిన క్షణంలోనే బెల్టును బిగించే ప్రిటెన్షనర్ కూడా ఉంటుంది.

ఎయిర్‌బ్యాగు సెకనులో దాదాపు 30వ వంతులో గ్యాస్‌తో ఉబ్బి, తల స్టీరింగుకు తగలకుండా అడ్డుపడుతుంది. వెంటనే రంధ్రాల్లోంచి గ్యాస్ వదిలి మెత్తబడుతుంది. బెల్టు లేనివాడు బ్యాగు ఇంకా ఉబ్బుతుండగానే దాని మీద పడతాడు, అప్పుడు ఆ బ్యాగే గాయం చేయొచ్చు. ముందు సీట్లో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, డాష్‌బోర్డు మీద కాళ్లు చాపడం ఇందుకే ప్రమాదం.

వెనక సీటు వాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. లేకపోతే వచ్చి పడేది ముందున్నవాళ్ల మీదే.