హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బి కూడా ఉంటే జీనోటైప్ టెస్ట్ చేయించాలా?

కర్నూలులో ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీకి ఇచ్చేవి) వాడే మీ బావకి హెపటైటిస్ బి కూడా ఉందని తేలింది, ఆ వైరస్ ఏ రకమో చూసే జీనోటైప్ టెస్ట్ చేయించాలా అని అడిగారు కదన్నా, నన్నడిగితే ఆ డబ్బులు మిగుల్చుకోండి. ఈ హెపటైటిస్ బి వైరస్‌లో ఏ నుంచి జె దాకా రకాలున్నాయి, మన దేశంలో ఎక్కువ కనపడేది డి, తర్వాత ఏ, తూర్పు వైపు సి కూడా ఉంటది. హెపటైటిస్ బికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వేసే పనైతే రకం తెలియడం కాస్త పనికొస్తది, ఎందుకంటే డి కంటే ఏ రకం దానికి బాగా లొంగుతది. కానీ ఏఆర్‌టీ సెంటర్లో హెచ్‌ఐవీకి ఇచ్చే టీఎల్‌డీ బిళ్ళ ఉంది చూడండి, అందులో టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి, రకం ఏదైనా సరే. లామివుడిన్ ఒక్కటే అయితే కొన్నేళ్ళకి వైరస్ లెక్కచేయదు, అందుకే టెనోఫోవిర్ ఉండాల్సిందే.

అసలు భయపడాల్సింది బిళ్ళ ఆపేయడానికి! ఒళ్ళు బాగుంది కదా అని మానేసినా, టెనోఫోవిర్ లేని మందుకి మారినా వైరస్ మళ్ళీ లేచి కామెర్లు, ఒక్కోసారి లివర్ ఫెయిల్ దాకా పోతది. కిడ్నీ సమస్యుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

జీనోటైప్ బదులు ఎస్‌జీపీటీ (లివర్ ఎలా ఉందో చూసే పరీక్ష), హెచ్‌బీవీ వైరల్ లోడ్ (రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఎంతుందో చూసేది) గురించి పెద్దాసుపత్రిలో అడగండి, అట్లే మీ అక్కకీ పిల్లలకీ హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో చూసే రక్త పరీక్ష) చేయించి, నెగటివ్ వస్తే, ఇంతకుముందు హెపటైటిస్ బి టీకా పడకుంటే వేయించండి.