పెల్లెట్ స్టవ్ తలుపు: తాడు కొనేముందు బందులు చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా వచ్చి మొదటి చలికాలం చూస్తున్నవాళ్లు పెల్లెట్ స్టవ్ (రంపపు పొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలు కాల్చి ఇంటిని వెచ్చబెట్టే పొయ్యి) గురించి తరచూ అడిగే సందేహం: “అన్నా, స్టవ్ నిండా పెల్లెట్లున్నాయి. మంట మాత్రం బద్ధకంగా లేస్తోంది, రెండ్రోజులకే అద్దం నల్లబడుతోంది, మధ్యలో ఆరిపోతోంది. మోటారు పోయిందా?” ముందు తలుపు చూడండి: దాని చుట్టూ సందు మూసే తాడు (గ్యాస్కెట్), తలుపును ఫ్రేముకు పట్టి ఉంచే బందులు (హింజిలు).

మనవైపు కట్టెలపొయ్యిని ఊదుగొట్టంతో ఊదుతారు కదా. గొట్టం నడుమ చిల్లు పడితే ఎంత ఊదినా గాలి నిప్పుదాకా పోదు. ఈ స్టవ్ ఊదదు, పీలుస్తుంది. పొగ లాగే ఫ్యాను లోపలి గాలిని బయటికి తోడుతుంటే, కొత్త గాలి బర్న్ పాట్ (పెల్లెట్లు కాలే చిన్న గిన్నె) చిల్లుల్లోంచి రావాలి. తలుపు దగ్గర సందుంటే ఆ దారినే వచ్చేస్తుంది. పెల్లెట్లు సరిగా కాలక మసి పడుతుంది, సందు పెద్దదైతే లోపలి పీల్పు తగ్గిందని పసిగట్టే వాక్యూమ్ స్విచ్ స్టవ్‌ను ఆపేస్తుంది.

స్టవ్ పూర్తిగా చల్లారాక ప్లగ్ పీకి, డాలరు నోటు తలుపు సందులో పెట్టి గొళ్లెం వేయండి. లాగితే బిగువుగా రావాలి, జారి వచ్చిందంటే అక్కడ లీకు. రెండు మూడు అంగుళాలకోసారి చుట్టూ చూడండి, బందుల వైపు కూడా.

తర్వాత తలుపు తాడు మీద ఫ్రేము అంచు నొక్కిన గాడిని గమనించండి. అది చుట్టూ తాడు నడిమధ్యే ఉండాలి. గొళ్లెం వైపుకొచ్చేసరికి పక్కకు జరిగితే తలుపు వాలింది. అప్పుడు ఎంత మంచి తాడు వేసినా దండగే. తలుపు కొంచెం తెరిచి గొళ్లెం వైపు పట్టుకుని పైకెత్తండి. టకటకమని ఆడితే బందు స్క్రూలు వదులయ్యాయి, లేదా పిన్ను అరిగింది. స్క్రూలు బిగించండి, అరిగిన పిన్ను మార్చండి. ఎత్తి తీసే తలుపైతే పిన్నుల మీద పల్చటి స్టీలు వాషర్లు వేస్తే లేస్తుంది. వాలు లేకుండా గొళ్లెం వైపే వదులుగా ఉంటే, గొళ్లెం పట్టే ముక్కను కొంచెం కొంచెంగా లోపలికి జరుపుతూ ప్రతిసారీ నోటుతో చూడండి.

తాడు గట్టిపడి అణిగిపోతే మార్చాల్సిందే. మందం మాన్యువల్‌లో చెప్పినదే తీసుకోండి. 3/8 అంగుళం చోట 1/2 వేస్తే తలుపు పడదు, బలవంతంగా మూస్తే బందులు వంగుతాయి. మాస్కు కట్టుకుని, పాత తాడు పీకి, తలుపులో తాడు కూర్చునే గాడిని పుట్టీ బ్లేడుతో, వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి. స్టవ్ గ్యాస్కెట్ సిమెంట్ సన్నగా పూసి, తాడును లాగకుండా పరచండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: లాగి అంటిస్తే తాడు సన్నబడుతుంది, తర్వాత కుంచించుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. కోసేచోట ముందే టేపు చుట్టి కోస్తే పీచు రేగదు. సిమెంట్ ఆరేందుకు ట్యూబు మీద చెప్పినంత టైమివ్వండి.

మంట వేయకుండా ఫ్యాను మాత్రం తిప్పే వీలుంటే, వెలిగించిన అగరబత్తీని తలుపు చుట్టూ, అద్దం అంచుల వెంట, బూడిద తలుపు దగ్గర తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి గుంజుకుపోతుందో అదే సందు. అద్దం క్లిప్పుల స్క్రూలను మాత్రం గట్టిగా బిగించొద్దు, అద్దం పగులుతుంది.

అద్దె ఇల్లయితే మీరే విప్పొద్దు, ఫోటోలతో ఓనరుకు రాసి పెట్టండి. సొంతిల్లైనా, అద్దిల్లైనా కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడనిదే స్టవ్ వెలిగించొద్దు.