సెల్ ఎంచుకోగానే మాక్రో దానంతటదే నడవాలంటే

ఎక్సెల్‌లో బి కాలమ్‌లో ఏ సెల్ మీదికి వెళ్లినా మాక్రో (మన పనిని చేసిపెట్టే చిన్న కోడ్) నడవాలి, మాడ్యూల్‌లో కోడ్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు అని అడిగారు. మీ కోడ్ బాగానే ఉండి ఉంటుంది, అది ఉండాల్సిన చోట లేదు.

సెల్ ఎంపిక మారడం లాంటి ఘటనను ఎక్సెల్‌లో ఈవెంట్ అంటారు, ఈ ఈవెంట్ పేరు సెలెక్షన్‌చేంజ్. దీని కోడ్ మామూలు మాడ్యూల్‌లో ఉంటే ఎక్సెల్ అటువైపే చూడదు, ఆ షీట్‌కు చెందిన కోడ్ విండోలోనే ఉండాలి. కింద షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి వ్యూ కోడ్ నొక్కండి. పైన ఎడమవైపు డ్రాప్‌డౌన్‌లో జనరల్ తీసేసి వర్క్‌షీట్ ఎంచుకుంటే సెలెక్షన్‌చేంజ్ ఖాళీ ప్రొసీజర్ (మన కోడ్ రాసుకునే చట్రం) అదే వచ్చేస్తుంది. ఆ పేరు చేత్తో టైప్ చేయకండి. ఒక్క అక్షరం తేడా వస్తే ఎర్రర్ కూడా రాదు, మాక్రో నడవదంతే. ఫైల్‌ను మాక్రోలు ఉండనిచ్చే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రకంగా సేవ్ చేయాలి. అన్ని షీట్లకూ కావాలంటే ఫైల్ మొత్తానికి చెందిన కోడ్ విండో దిస్‌వర్క్‌బుక్‌లో షీట్‌సెలెక్షన్‌చేంజ్ వాడండి.

ఎంచుకున్న సెల్ మీకు టార్గెట్ పేరుతో అందుతుంది. అది బి కాలమ్‌లో ఉందో లేదో ఇంటర్‌సెక్ట్‌తో చూసి, లేకపోతే మొదటి లైన్లలోనే ఎగ్జిట్ సబ్ (మాక్రోను అక్కడితో ఆపే ఆదేశం) పెట్టేయండి. ఒకటికి మించి సెల్స్ ఎంచుకున్నప్పుడూ అంతే. అయితే ఆ లెక్కకు కౌంట్ కాదు, కౌంట్‌లార్జ్ వాడాలి. షీట్ మొత్తం ఎంచుకుంటే 1,048,576 వరుసలు, 16,384 కాలమ్‌లు. అంత సంఖ్య కౌంట్‌లో పట్టక ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. మెర్జ్ చేసిన సెల్ కూడా ఒకటిగా కాక, అందులో ఎన్ని ఉంటే అన్నిగా లెక్కకొస్తుందని గుర్తుంచుకోండి.

మీ మాక్రో తనే ఇంకో సెల్‌ను సెలెక్ట్ చేస్తుంటే ఈవెంట్ మళ్లీ లేస్తుంది. అందుకే ముందు ఈవెంట్లను ఆపే, నడిపే స్విచ్ లాంటి ఎనేబుల్‌ఈవెంట్స్‌ను ఫాల్స్ చేసి, పనయ్యాక ట్రూ చేయాలి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగినా ట్రూ చేసే లైన్‌కు చేరేలా ఆన్ ఎర్రర్ గోటూ తప్పకుండా పెట్టండి. లేకపోతే తెరిచి ఉన్న అన్ని ఫైళ్లలోనూ ఈవెంట్లు ఆగిపోతాయి, దాన్ని మళ్లీ ట్రూ చేసేదాకానో, ఎక్సెల్ మూసి తెరిచేదాకానో అంతే. నిన్న నడిచిన మాక్రో ఇవాళ కదలడం లేదంటే నేను ముందు చూసేది దీన్నే.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిందొకటి ఉంది. హాజరు షీట్‌లో సెల్ ఎంచుకోగానే టిక్ పడేలా, ఉన్న టిక్ పోయేలా నేనొకసారి ఇదే ఈవెంట్‌తో రాశాను. మౌస్‌తో చూసుకున్నంతసేపూ చక్కగా పనిచేసింది. వాడేవాళ్లు యారో కీలతో కిందికి దిగుతూ పోయారు. దాటిన ప్రతి సెల్‌లోనూ టిక్ తారుమారైంది. కంట్రోల్ జెడ్ నొక్కితే ఏమీ వెనక్కి రాలేదు, ఎందుకంటే మాక్రో సెల్‌ను మార్చగానే అన్‌డూ చరిత్ర చెరిగిపోతుంది. ఎవరెవరు వచ్చారో కాగితాలు చూసి మళ్లీ నింపాల్సి వచ్చింది. పొరపాటున పడ్డ టిక్ తీయాలన్నా ఆ సెల్ మీదే మళ్లీ క్లిక్ చేస్తే కుదరదు, ఎంపిక మారలేదు కాబట్టి ఈవెంటే లేవదు.

క్లిక్, యారో కీ, ట్యాబ్, ఎంటర్, ఏది నొక్కి సెల్ మారినా ఈ ఈవెంట్‌కు ఒకటే. మనిషి కావాలని వచ్చాడో, దారిలో దాటి పోతున్నాడో దానికి తెలియదు. అందుకని స్టేటస్ బార్‌లో సూచన చూపడం లాంటివాటికే నేనిప్పుడు దీన్ని వాడుతున్నాను. సెల్‌లో ఏదైనా రాయాలన్నా, చెరపాలన్నా అదే విండోలో కుడివైపు డ్రాప్‌డౌన్ నుంచి బిఫోర్‌డబుల్‌క్లిక్ తీసుకుంటాను. అందులో క్యాన్సిల్‌ను ట్రూ చేస్తే సెల్ ఎడిట్‌లోకి వెళ్లదు.

మీ మాక్రో బి కాలమ్‌లో ఏం చేస్తుందో రాయలేదు. డేటా మార్చేదైతే దయచేసి డబుల్ క్లిక్‌కే పెట్టండి.