పెద్దదాన్ని ఆపకండి

పలాస దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. జీడి ఫ్యాక్టరీలో పీలింగ్ పని. భర్త చెన్నైలో తాపీ మేస్త్రి, పండగలకి వస్తారు. పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బాబు ఏడాదే చిన్న, రెండో తరగతి. చంటిదానికి పది నెలలు. పెద్దది చదువులో వెనకబడింది కాబట్టి ఒక ఏడాది ఆపి తమ్ముడితో కూర్చోబెడితే పుస్తకాలు, ట్యూషన్ కలిసొస్తాయని అత్తగారు అంటున్నారట. "ఎడం లేకుండా కనేసినందుకే దానికి చదువు రావట్లేదా?" అని అడిగారు.

అమ్మా, ఆపొద్దు. సర్కారు బడిలో పుస్తకాలు ఎలాగూ ఊరికే ఇస్తారు. ఒకే క్లాసని ట్యూషన్ మాస్టారు ఒక ఫీజుతో సరిపెట్టుకోరు. తమ్ముడి పక్కనే కూర్చుని వాడికంటే తక్కువ మార్కులొస్తే ఆ పిల్లకి తల కొట్టేసినట్టుండదూ?

ఎడం ప్రభావం లేదని అనను. 2012లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో కాన్పుల మధ్య ఎడం పెరిగేకొద్దీ పెద్దబిడ్డకి చదవడంలో, లెక్కల్లో మార్కులు మెరుగ్గా కనిపించాయి. రెండో బిడ్డకి ఆ తేడా కనబడలేదు. ఎడం ఉంటే అమ్మానాన్నలు తన ఒక్కదానికే దొరికే కాలం పెద్దదానికి ఎక్కువుంటుంది మరి. మీ పాపకి అది ఏడాదికే అయిపోయింది. ఇప్పుడు దాని గురించి ఏడ్చి లాభం లేదు.

నన్ను గుచ్చింది వేరే. "అది అర్థం చేసుకుంటుంది" అని మూడుసార్లు రాశారు. చంటిదానికి జ్వరమొస్తే బడి మానేది అదే. మీకు ఫ్యాక్టరీలో పొద్దుపోతే ఉయ్యాల ఊపేదీ అదే. హోంవర్క్ పేజీలో సగం రాసి, పెన్సిల్ పట్టుకునే నిద్రపోతుందని కూడా రాశారు. ఇంకెక్కడి చదువు? ఎనిమిదేళ్ల పిల్లకి ఏం అర్థమవుతుంది, అమ్మ కోప్పడుతుందని నోరు మూసుకుంటుంది. బాబుని ఒక్కరోజైనా మాన్పించారా? ఆ మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆడపిల్ల కదా అని ఇంటి చాకిరీ అలవాటు చేయడం నాకు సుతరామూ నచ్చదు.

అత్తగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు. కూర్చుని ఉయ్యాల తాడు లాగడానికి మోకాళ్లతో పనేముంది? ఆమెకి ఒక మాట చెప్పండి: హాజరు 75 శాతం లేకపోతే, పిల్లల్ని బడికి పంపే తల్లులకి సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బులకే ఎసరు. అప్పుడు ఆవిడే బడికి తరుముతారు. రాత్రి అన్నాలయ్యాక చంటిదాన్ని ఆవిడ ఒళ్లో పెట్టి, పెద్దదానితో ఒక పాఠం పైకి చదివించుకోండి. తప్పులు దిద్దక్కర్లేదు, వినండి చాలు.

మీరు అడగలేదు గానీ, కాన్పయ్యాక మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సంక్రాంతికి మీ ఆయన దిగేలోపే ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి వెళ్లండి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ సరిపడుతుందో, కాపర్-టీ మేలో డాక్టర్ చూసి చెప్తారు. రెండూ ఉచితమే. దీనికి మీ అత్తగారి అనుమతి అక్కర్లేదు.