‘తోడా హిందీ’ అనిపించుకున్నవాడి జవాబు

మీ ప్రశ్న ఇది: సింగపూర్ వెళ్తున్నాను, ఫారంలో రేస్ (జాతి) అని అడిగితే తెలుగు అని రాయాలా, ఇండియన్ అనా? అక్కడివాళ్లు మనల్ని ఇంకేదో అంటే ఎలా తీసుకోవాలి?

మొదటిదానికి జవాబు చిన్నదే. ఇండియన్ అని రాయండి. అక్కడ లెక్కంతా నాలుగు గడులే: చైనీస్, మలయ్, ఇండియన్, అదర్స్. ఆ ఇండియన్ మన పాస్‌పోర్టు సంగతి కాదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక మూలాలున్నవాళ్లనీ జనాభా లెక్కల్లో ఆ గడిలోనే వేస్తారు.

రెండోదే అసలు సంగతి. మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర పల్లె. ఉద్దానంలో వెల్డరో ఫిట్టరో అయి విమానం ఎక్కినవాడు లేని వీధి ఉండదు. నేను పైప్ ఫిట్టర్‌ని. ముందు ఖతార్ వెళ్లాను. మొదటి వారం గేటు దగ్గర ఒక అరబ్బు పెద్దాయన నన్ను చూసి “హిందీ?” అన్నాడు. భాష వచ్చా అని అడుగుతున్నాడనుకుని “తోడా తోడా” అన్నాను. అరబ్బీలో హిందీ అంటే ఇండియావాడు. నేను కొంచెం కొంచెం ఇండియావాణ్నని చెప్పుకున్నానన్నమాట. ఉన్నన్నాళ్లూ క్యాంపులో నా పేరు ‘తోడా హిందీ’.

తర్వాత మలేషియా, జోహోర్. అక్కడ అందరూ “తమిళా?” అనేవారు. మొదట్లో ఒళ్లు మండేది. అక్కడి భారతీయుల్లో ఎక్కువమంది తమిళులే, వాళ్ల అంచనా అంతే. చలికాలం ఇచ్ఛాపురంలో స్వెట్టర్లు అమ్మే టిబెట్‌వాళ్లని నేనూ చిన్నప్పటినుంచీ ‘నేపాలీలు’ అనేవాణ్ని. ఒడిశా చంద్రగిరిలో వాళ్ల కాలనీ ఉందని, మాకు అంత దగ్గరని తెలిసి కూడా. ఇంక నాకు కోపమెందుకు?

ఒక మాట మాత్రం వేరు. పైపులు దించే దగ్గర గొడవై లారీ డ్రైవర్ నన్ను ‘కెలింగ్’ అన్నాడు. నాకు అర్థం కాలేదు గానీ పక్కనున్న తమిళ కుర్రాడి మొహం మాడిపోయింది. ఆదివారం సరుకులకి వెళ్లినప్పుడు కొట్టు పిన్నిని అడిగాను. ఆవిడ వాళ్లది బాగన్ దాతుక్ వైపు, తాతలు కొబ్బరితోటల పనికి వచ్చిన తెలుగువాళ్లు. చింతపండు తూస్తున్న చెయ్యి ఆపేసి, “ఆ మాట ఎవడన్నాడు బాబూ? అది తిట్టు” అంది.

తిట్టే. కానీ దాని పుట్టుక చూస్తే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ మాట కళింగ నుంచి వచ్చిందంటారు. మా ముఖలింగం ఒకప్పటి కళింగనగరం, తూర్పు గంగుల రాజధాని. వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం రేవు. మలేషియాలోనే మలక్కాలో 1748లో కట్టిన మసీదు పేరు ఇప్పటికీ కంపుంగ్ క్లింగ్, ఆ క్లింగ్ ఈ కెలింగే. అంటే ఒకప్పుడు అది ఉత్త ఊరి పేరులాంటిదే, తర్వాత ఎప్పుడో చెడింది. రంగం (రంగూన్) వెళ్లిన మనవాళ్లని బర్మాలో ‘కొరంగీ’లన్నారు. అదీ రేవు పేరే, కాకినాడ దగ్గరి కోరంగి.

కాబట్టి హిందీ అన్నా తమిళా అన్నా నవ్వేసి “తెలుగు” అని చెప్పండి. కెలింగ్ అంటే మాత్రం ఊరుకోకండి. అలాగని చెయ్యి చేసుకోకండి, పర్మిట్ పోయేది మీది. ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్లి సూపర్‌వైజర్‌కి చెప్పండి. నేను చెప్తే ఆ డ్రైవర్ మళ్లీ మా సైటుకి రాలేదు.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో ట్రైనింగ్ అప్పుడు ‘ఏమిటి’ని ‘ఏటి’ అనే నా శ్రీకాకుళం యాసకి బ్యాచంతా నవ్వితే ఆ మాట మింగేయడం నేర్చుకున్నాను. పిన్ని ఆ రోజు చింతపండు పొట్లం కట్టి, “ఇంకేటి కావాల?” అంది. నాలుగు తరాలుగా అక్కడే ఉన్న మనిషి. “ఏటున్నాయి పిన్నీ?” అన్నాను, కొట్టంతా వినపడేలా.