పేరు మార్చినా చెల్లే వాక్యం రాయకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది, చదివాను. గొప్ప పియానిస్టు అంటే ఎవరు అన్న విషయం తీసుకోవడమే నాకు నచ్చింది. తెలుగులో దీని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. కానీ మొదటి పేజీలోనే 'మంత్రముగ్ధుల్ని చేశాడు', 'ప్రాణం పెట్టి వాయించాడు', 'స్వరాలకు ఆత్మనిచ్చాడు' అని వరసగా వచ్చేశాయి. ఆ వాక్యాల్లో పియానిస్టు గ్లెన్ గూల్డ్ పేరు కొట్టేసి మాండొలిన్ శ్రీనివాస్ పేరు పెట్టి చూడు. చక్కగా అతికిపోతుంది. అంటే గూల్డ్ గురించి నువ్వింకా ఏమీ రాయలేదన్నమాట.

నీ వ్యాసం చదివే మనవాళ్లకు వచ్చే మొదటి సందేహం ఏమిటో ఆలోచించావా? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విన్న ప్రాంతం మనది. కళాభారతిలో కచేరీకి వెళితే ఒకే త్యాగరాజ కృతిని ఇద్దరు రెండు రకాలుగా పాడతారు. సంగతులు వేరు, నెరవల్ వేరు, స్వరకల్పన ఎవరిది వారిదే. పియానో దగ్గర అలా కాదు. బీథోవెన్ ప్రతి స్వరాన్నీ కాగితం మీద పెట్టేశాడు. వాయించేవాడు ఒక్క స్వరం కలపకూడదు, ఒక్కటి తీయకూడదు. ఇక అందులో వాయించేవాడి గొప్పేమిటి, టైపిస్టు పనే కదా అంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎన్ని విశేషణాలు గుప్పించినా పాఠకుడు కదలడు.

జవాబు వాయిద్యంలోనే మొదలవుతుంది. ఎవరింట్లోనైనా అసలు పియానో ఉంటే, కీబోర్డు కాదు, వెళ్లి ఒక మెట్టును (కీని) చాలా మెల్లగా కిందికంటా నొక్కు. ఏ శబ్దమూ రాదు. కాస్త వేగం పెంచు, సన్నగా పలుకుతుంది. మెట్టు అడుగుకు చేరేలోపే లోపలి సుత్తి దాని పట్టు విడిపించుకుని, తనంతట తాను వెళ్లి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. ఇక ఆ స్వరాన్ని వేలు ఏమీ చేయలేదు, ఆపడం తప్ప. పెంచలేదు, వంచలేదు, గమకం పలికించలేదు. పుట్టిన క్షణం నుంచీ అది సన్నగిల్లుతూనే ఉంటుంది. అందుకే పియానిస్టు చేతిలో ఉన్నవి చాలా కొద్ది: సుత్తి ఎంత వేగంగా తగలాలి, ఎప్పుడు తగలాలి, ఎంతసేపు మోగనివ్వాలి, కాలితో నొక్కే పెడల్. ఒకేసారి నాలుగు మెట్లు నొక్కినా పై స్వరానికి చిటికెడు బరువు ఎక్కువ ఇస్తే అది పాటలా పైకి తేలుతుంది, మిగతా మూడూ దాని వెనక నిలబడతాయి. వినేవాళ్లకు 'పాడుతున్నట్టు' అనిపించేది ఇదే. నువ్వు దాన్ని ఆత్మ అన్నావు. ఏ వేలు, ఏ స్వరం, ఎంత బరువు అని రాయి.

(విశాఖలో మంచి పియానో దొరకడం కష్టమేలే. బీచ్ రోడ్డు గాలికి గేటు ఊచలే తుప్పు పట్టే ఊళ్లో తీగలు శ్రుతి నిలుపుకోవడం అంటే మాటలా. అయినా వెతుకు.)

గూల్డ్ సంగతికి వస్తాను. స్వరకర్త బాఖ్ 1741లో అచ్చు వేయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను (ఆరియా అనే పాటలాంటి ముక్క, దాని మీద ముప్పై మార్పులు) గూల్డ్ 1955లో, ఇరవై రెండేళ్లప్పుడు రికార్డు చేశాడు. మళ్లీ 1981లో చేశాడు. మొదటిది దాదాపు 38 నిమిషాలు, రెండోది 51. వయసుతో నెమ్మదించాడు అని తేల్చేశావు నువ్వు. తొందరపడ్డావు. మొదటిసారి రిపీట్లు (భాగాన్ని మళ్లీ వాయించమన్న చోట్లు) ఒక్కటీ వాయించలేదు, రెండోసారి కొన్ని వాయించాడు. నిడివిలో తేడా కొంత అక్కడిదే. పోల్చాలంటే మొదట్లో వచ్చే ఆరియా తీసుకో. రెండుసార్లూ రిపీట్ లేకుండానే వాయించాడు. మొదటిసారి రెండు నిమిషాల లోపు, రెండోసారి మూడు దాటింది. అంతేకాదు, 1981లో ఒక వేరియేషన్ లయకూ తర్వాతి దాని లయకూ లెక్క కుదిర్చి, ముప్పైనీ ఒకే నాడి మీద నడపాలని చూశాడు. చెప్పాల్సింది అది. ఆయన పొట్టి కుర్చీ, వేసవిలో చేతికి గ్లవ్స్, వాయిస్తూ కూనిరాగాలు, ఇవన్నీ తీసెయ్. అందరూ రాసినవే.

ఇప్పుడు నీ వ్యాసంలో నాకు నిజంగా బాగున్న చోటు: స్వరకర్త షూబర్ట్ పియానోకు రాసిన బి ఫ్లాట్ సొనాటా (కొన్ని భాగాలున్న పెద్ద రచన), ఆయన రచనల జాబితాలో డి 960. 1828 సెప్టెంబరులో పూర్తిచేశాడు, నవంబరు 19న పోయాడు, ముప్పై ఒక్కేళ్లకు. మొదటి మూవ్‌మెంట్ (భాగం) ప్రార్థనలా మొదలై ఎనిమిదో బార్‌లో (మన తాళంలో ఆవర్తనం లాంటి కొలత) అడుగున, ఎడమచేతి కింద, ఒక ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండింటిని గబగబా మార్చి మార్చి పలికించడం) వినీవినిపించనట్టు ఉరుముతుంది. తర్వాత నిశ్శబ్దం. దాని గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. ఎందుకో ఊహించగలను. ఋషికొండ ఆఫీసు నుంచి వచ్చే బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నానన్నావు కదా. బస్సు ఇంజను కింద ఆ ట్రిల్ మునిగిపోయి ఉంటుంది. రాత్రి పూట ఇంట్లో విను.

ఆ మూవ్‌మెంట్ మొదటి భాగాన్ని మళ్లీ వాయించమని షూబర్ట్ గుర్తు పెట్టాడు. వెనక్కి వెళ్లడానికి తొమ్మిది బార్ల దారి కూడా రాశాడు. అవి ఇంకెక్కడా రావు. ఆ దారిలో అదే ట్రిల్ ఒక్కసారి గట్టిగా గర్జిస్తుంది. పియానిస్టు ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ ఆ రిపీట్ వాయించేవాడు కాదు. ఆ బార్లు మిగతా సంగీతంతో పొసగవని ఆయన వాదన. మరో పియానిస్టు స్వియాతొస్లవ్ రిక్టర్ వాయించేవాడు, అదీ ఎంత నిదానంగా అంటే ఆ ఒక్క మూవ్‌మెంటే ఇరవై నాలుగు నిమిషాల దాకా పోయేది. ఎవరు గొప్ప? ఇద్దరూ. కాగితాన్ని ఒకరు పాటించారు, ఒకరు పాటించలేదు, దానివల్ల కాదు. ఆ ఒక్క నిర్ణయానికి తగ్గట్టు మిగతా అంతటినీ ఇద్దరూ మలుచుకున్నారు. బ్రెండెల్ దగ్గర నడక ఎక్కడా తెగదు, కథ ముందుకే సాగుతుంది. రిక్టర్ దగ్గర ఆ గర్జన ఒకసారి విన్నాక, తర్వాత వచ్చే ప్రతి మెత్తని ట్రిల్‌కూ గుండె జల్లుమంటుంది. నా మొగ్గు రిక్టర్ వైపు. నీది కాకపోవచ్చు, కారణం రాస్తే చాలు.

నీ వ్యాసంలో ఎవరు ఎన్ని తప్పు స్వరాలు వాయించారన్న లెక్క కూడా తగ్గించు. బీథోవెన్ సొనాటాలు ముప్పై రెండూ మొట్టమొదట రికార్డు చేసింది పియానిస్టు ఆర్తూర్ ష్నాబెల్, 1932 నుంచి 1935 దాకా. వాటిలో హామర్‌క్లావియర్ అనే సొనాటాలో బీథోవెన్ పెట్టిన మెట్రోనోమ్ అంకె (నిమిషానికి దెబ్బల లెక్క) 138కి చేరాలని పరుగెత్తాడు, స్వరాలు జారాయి. ఆ ప్రమాదంలోకి ఎందుకు దిగాడో అడుగు, ఎన్ని జారాయో కాదు.

'చెప్పింది చెప్పినట్టు చేసేవాడే గొప్ప' అన్న నీ వాక్యం కూడా నిలవదు. మూన్‌లైట్ సొనాటా మొదటి మూవ్‌మెంట్ అంతా తీగల మోతను ఆపే డ్యాంపర్లు ఎత్తి వాయించమని బీథోవెన్ రాశాడు. 1801 నాటి పియానోలో ధ్వని త్వరగా ఆరిపోయేది కాబట్టి కుదిరింది. ఇవాళ్టి గ్రాండ్ పియానో మీద అచ్చంగా అలాగే చేస్తే స్వరాలన్నీ కలిసి గందరగోళం అవుతాయి.

విశాఖలో కూర్చుని వీటి గురించి రాసే అర్హత ఉందా అని ఉత్తరం చివర టెన్షన్ పడ్డావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. స్కోరు (స్వరాలు రాసిన కాగితం) ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. పెన్సిల్ పట్టుకుని, ఒకే మూవ్‌మెంట్‌ను ముగ్గురి చేత విను. ముగ్గురూ వేరుపడే చోట గీత గీసుకో. లయ వేగాన్ని కాలప్రమాణం అనాలనిపిస్తే అను, మనవాళ్లకు తెలిసిన మాటే. కానీ సొనాటాను రాగం తానం పల్లవితో పోల్చేవు సుమా, రెండింటికీ అన్యాయం అవుతుంది.

గూల్డ్, హొరోవిట్జ్, లిపట్టీ, ఈ పియానిస్టులందర్నీ ఒకే వ్యాసంలో కూరొద్దు. షూబర్ట్ మూవ్‌మెంట్ ఒక్కటి ఉంచి మిగతాది పక్కన పెట్టు. ఆ ట్రిల్ తర్వాతి నిశ్శబ్దాన్ని ఎవరు ఎంతసేపు నిలిపారో గడియారం పెట్టి చూసి, దాని నుంచి మొదలుపెట్టు. ఈసారి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైలు పంపు, దిద్దడానికి నాకు వీలుగా ఉంటుంది.

ఆశీస్సులతో,
మాస్టారు
విశాఖపట్నం